మామిడి పెట్టెల్లో వెళ్లిపోయిన మామ్మ కథలు

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి, కాళ్లు చాపుకున్నా ఫరవాలేదు, చెప్తాను. పొద్దున మా కోడలు మంచం కింద వరిగడ్డి తీసి ముగ్గిన చిన్నరసాలు ఏరుతుంటే ఇల్లంతా వాసన కమ్మేసి, నేను మళ్లీ రెడ్డిగూడెం మామిడితోటలో పన్నెండేళ్ల పిల్లనైపోయాను.

ఆరో తరగతితో నా బడి ఆగిపోయింది గానీ, పక్కింటి మేరీ టీచరుగారు నన్ను వదల్లేదు. రోజూ అంట్లు తోమి వాళ్లింటికెళ్తే, ముందు కథల పుస్తకంలో రెండు పేజీలు పైకి చదివించి, తర్వాత ఒక పేజీ సొంతంగా రాయించేవారు. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ పేజీ తప్పేది కాదు. ఒకసారి "పండు చాలా బాగుంది" అని రాస్తే అడ్డంగా కొట్టేసి, "బాగుందంటే నాకేం తెలుస్తుందే? రసం మోచేతి దాకా కారిందా, ఈగలు ముసిరాయా, అది రాయి" అన్నారు. ఏం రాయాలో తోచట్లేదండీ అంటే, "మీ మామ్మ నోరు ఒక్క క్షణం ఊరుకోదుగా! ఆవిడ చెప్పేవి ఆవిడ మాటల్లోనే రాయి" అన్నారు.

మా మామ్మకి అక్షరం ముక్క రాదు. చుట్ట పీకుతూ, కోసిన కాయల్ని తొడిమ దగ్గరి సొన కారిపోయేలా బోర్లిస్తూ, తోటలో పడ్డ దొంగని తెల్లారేదాకా మాటల్తో కూర్చోబెట్టిన ముసలమ్మ కథ చెప్తుంటే కూలీలు పని ఆపి నవ్వేవాళ్లు. రెండు వేసవులు అవన్నీ రాశాను. నోటుపుస్తకం నిండిపోయింది.

ఆ రోజు లారీ వచ్చి హారన్ కొడుతోంది, పెట్టెల్లో పరిచే పాత పేపర్లు అయిపోయాయి. మామ్మ గూట్లోంచి నా పుస్తకం తీసి చించి పరిచేసింది. నేను నీళ్లబిందెతో వచ్చేసరికి మేకులు కొట్టేశారు. లారీ వెంట మైలవరం రోడ్డు దాకా పరిగెత్తి, ఏడుస్తూ తిరిగొచ్చాను.

"ఓసి పిచ్చిమొహమా, కాయకి దెబ్బ తగలకుండా వేశానే! నా కథలు నా నోట్లోనే ఉన్నాయిగా, మళ్లీ చెప్తాలే" అని నవ్వింది మామ్మ.

తొలకరి పడ్డాక మామ్మకి పక్షవాతమొచ్చి మాట పోయింది. కొత్త పుస్తకం పట్టుకుని రోజూ మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ పెదాలు కదిపేది, గాలి వచ్చేది, తర్వాత కన్నీళ్లొచ్చేవి. నేనేం చెయ్యను, కొంగుతో తుడిచేదాన్ని. గుర్తున్నంత రాయమన్నారు టీచరుగారు. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో చెప్పగలిగే నాకు కథలన్నీ గుర్తొచ్చాయి గానీ, ఆ ముసలమ్మ దొంగని తిట్టిన తిట్టు, మామ్మ సాగదీసి తిట్టే తిట్టు, ఎంత తన్నుకున్నా రాలేదు. రాసిందంతా నా మాటలే. టీచరుగారు మొత్తం విన్నారు. ఆ రోజు ఒక్క ముక్క కూడా కొట్టెయ్యలేదు.

ఇప్పుడు చెక్కపెట్టెలు లేవు, అన్నీ ప్లాస్టిక్ ట్రేలే. మామ్మ లేదు, టీచరుగారూ లేరు. రోజుకో పేజీ మాత్రం రాస్తూనే ఉన్నాను. ఆ దొంగ కథలో తిట్టు దగ్గరికొచ్చేసరికి దానికోసం ఒక గీత ఖాళీ వదిలి, కింది గీత నుంచి రాసుకుపోతాను.

మీ ఇంట పెద్దల గొంతు ఆగకుండా, అది విని రాసుకునే చేతికి తీరిక కరువు కాకుండా, మీరంతా చల్లగా ఉండాలమ్మా.