మధ్యలో బండి ఉండదు

మా ఫిజిక్స్ మాస్టారు పోయారు. ఖరగ్‌పూర్ పక్కన సాలువాలో నేను పనిచేసే బడికి టోటో రిక్షాలో వెళ్తుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. దిగి వెనక్కి పూరీ గేట్‌లో వాళ్ళింటికి వెళ్ళాలని కూడా వెంటనే తోచలేదు. ఈమధ్య అంత అలసటగా ఉంటోంది నాకు. ఏడవడానికీ ఓపిక కావాలి కాబోలు.

ఆయన దగ్గర చదువుకున్నది రైల్వే వర్క్‌షాపు వాళ్ళ పిల్లలం. అందుకని దేనికైనా రైలే ఉదాహరణ. స్ప్రింగుకు వేలాడే బరువు ఎంత శక్తితోనైనా ఊగొచ్చు, అది పాత లెక్క. అణువంత చిన్నదైతే అలా కుదరదు. దాని శక్తికి మెట్లుంటాయి, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ ఉండదు. "ప్యాసింజరు బండి స్టేషన్లోనే ఆగుతాది, మధ్యలో ఆగదు. అలాగన్నమాట," అనేవారు. మాకు ఇట్టే ఎక్కేసింది. టీచరునయ్యాక నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను.

పోయిన వేసవిలో మిట్టమధ్యాహ్నం, ఆయాసపడుతూ, సైకిలు తోసుకుంటూ మా ఇంటికొచ్చారు. మంచినీళ్ళయినా ముట్టకుండా, "అమ్మా, మనం తప్పు సెప్పినాం," అన్నారు.

"ఏటి మాస్టారూ?"

"బండి స్టేషన్లో ఆగుతాది, నిజమే. మరి మధ్యలో పట్టాల మీద ఎల్తాది కదా? అణువు శక్తి అలా ఎల్లదు. మధ్యలో ఉండనే ఉండదు. మా మనవరాలు అడిగింది."

"అది పరీక్షలో రాదు కదా," అన్నాను విసుగ్గా. ఎండకి తల పగిలిపోతోంది.

"పరీక్షలో రాదు. బుర్రలో ఉండిపోద్ది. నా పిల్లల్లో టీచరువి నువ్వొక్కదానివే. సరిసెయ్యి."

పాత లెక్కను మాత్రం పారేయొద్దన్నారు. పెద్ద ఊపులో మొత్తం శక్తి ముందు ఆ మెట్లు ఎంత చిన్నవంటే, ఉన్నట్టే తెలీదట. "కొత్తది పాతదాన్ని కొట్టెయ్యలేదు తల్లీ. కడుపులో ఎట్టుకుంది."

తర్వాత చర్చి బయట కనిపించినప్పుడల్లా, "సెప్పినావా?" అనేవారు. ఆ పాఠం ఇంకా రాలేదనేదాన్ని.

"ఠీక్ హై. వచ్చీదాకా ఉంటాన్లే," అని నవ్వేవారు.

సమాధిలో మట్టి వేసి వచ్చిన వారానికి పాఠం వచ్చింది. అలవాటుగా బోర్డు మీద స్టేషన్లు గీశాను, పట్టాలు గీశాను. చెయ్యి ఆగిపోయింది. ఉంటానని ఉండకపోతే ఎలా మాస్టారూ అని ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

"పట్టాలు లేవు," అని చెప్పి, అరచేత్తో తుడిచేశాను. ఖరగ్‌పూర్, జక్‌పూర్, మాద్‌పూర్ వేటికవి విడిగా నిలబడ్డాయి. పిల్లలు పెన్నులు పక్కన పెట్టి స్టేషన్ల మధ్య ఖాళీనే చూస్తూ కూర్చున్నారు.