అంచు కింద నీళ్ళు వచ్చిన రోజు

మా పెద్దమ్మ ఓర్లిండా న్యూ మెక్సికోలోని బ్లూమ్‌ఫీల్డ్‌లో స్కూలు బస్సు నడిపేది. ఊరికి దక్షిణంగా పోయే దారి పక్కన నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద కనుచూపు మేరా వాన కోసేసిన మట్టి గుట్టలు, ఎండిన వాగులు. అక్కడ ఏముందని పిల్లలు అడిగితే “మట్టి” అనేసి గేరు మార్చేది. తను మాత్రం ప్రతిరోజూ అటు ఓ చూపు చూసేది.

ఉద్యోగం మానేసిన ఏడాది ఆగస్టులో ఒక గుడారం కొని, ఆ అంచున రెండు రోజులు ఉండొస్తానంది. మావాళ్ళలో అలా ఎవరూ వెళ్ళరు. మా తాత అక్కడ గొర్రెలు మేపాడు, మగవాళ్ళు గ్యాసు బావుల పనికి ఆ దారినే పోతారు. సరదాకి నేల మీద పడుకోవడం పట్నం వాళ్ళ పని.

అక్కను ఒంటరిగా పంపలేక మా అమ్మ బెర్నడీటా వెంట వెళ్ళింది. దారంతా సణిగింది.

“పరుపు ఇంట్లో వదిలేసి రాళ్ళ మీద దొర్లడానికి పోతున్నాం. చర్చిలో ఎవరికీ చెప్పకక్కా.”

“నువ్వు నోరు మూసుకుంటే చాలే,” అంది పెద్దమ్మ.

గుడారం వేసి, రొట్టెల్లో చిక్కుళ్ళు, పచ్చిమిరప కూర చుట్టుకుని తింటుండగానే మబ్బు కమ్మింది. గాలికి గుడారం కూలిపోయింది. ఇద్దరూ ట్రక్కులోకి పరిగెత్తారు. వాన వెలిశాక అమ్మ ఇంటికి పోదామని పట్టుబట్టింది. కానీ బంకమట్టి దారి సబ్బు రాసినట్టుంది. చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. అమ్మ ఇక తిట్లు మొదలుపెట్టబోతుంటే కింది నుంచి హోరు వినిపించింది.

ఇద్దరూ అంచు దాకా నడిచారు. పొద్దున ఎముకల్లా ఎండి ఉన్న వాగులన్నీ ఒక్కసారిగా పారుతున్నాయి. ఒకదాంట్లో ఎర్ర నీళ్ళు, ఇంకోదాంట్లో బూడిద నీళ్ళు. కలిశాక కూడా చాలా దూరం దేనిదారిన అది, పక్కపక్కనే పోతున్నాయి. వెలిసిపోయినట్టుండే గుట్టల మీద చారలు తడికి తేలాయి, వంకాయ రంగు, బొగ్గు నలుపు, పసుపు, అప్పుడే అద్దకం వేసి ఆరేసిన బట్టల్లా. ఎండ తగిలి ఆవిరి లేచింది. ఎదుటి గట్టు నుంచి ఒక పెళ్ళ విరిగి పడింది. దాని వెనక పెద్ద చెట్టు మాను ఒకటి అడ్డంగా బయటపడింది. బెరడు గీతలతో సహా రాయైపోయి ఉంది.

అమ్మ శిలువ గుర్తు వేసుకుంది. పెద్దమ్మ వైపు తిరిగి అడిగిందట.

“నాన్న ఇదంతా చూశాడంటావా?”

“ఇక్కడేగా మేపింది. చూసే ఉంటాడు.”

“మరి మనకెప్పుడూ చెప్పలేదేం?”

“ఏమని చెప్తాడే?”

మర్నాటికి దారి ఆరింది. అయినా తిండి అయిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు. ఇంటికొచ్చాక అమ్మ చర్చిలో అందరికీ చెప్పింది. సగమే చెప్పగలిగానని ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

పెద్దమ్మ ఏటా వానాకాలంలో అక్కడికి వెళ్తుంది. మొన్న నన్నూ తీసుకెళ్ళింది. ఏదీ వివరించలేదు. అంచున నాకో కుర్చీ వేసి, కాఫీ చేతికిచ్చి, మబ్బు వైపు చూస్తూ పక్కన కూర్చుంది.