రెండు వయసుల గాయం

ఆ ఆస్పత్రిలో స్కాన్ బొమ్మలు చదివే డాక్టరమ్మను అందరూ మణికట్టమ్మ అంటారు. ఎముకల డాక్టర్లు వెక్కిరింపుగా మొదలుపెట్టిన పేరది. ఎంఆర్‌ఐ బొమ్మల్లో తమ కంటికి ఆనని మణికట్టు చిరుగును ఆమె వేలుపెట్టి చూపించిన కొద్దీ ఆ వెక్కిరింపు తగ్గుతూ వచ్చింది, పేరు మాత్రం మిగిలింది. కింది అంతస్తులో కిటికీ లేని గది, రెండు తెరలు, ఒక మైకు, చల్లారిపోయిన టీ. అందులో కూర్చుని ఆమె రోజంతా చూసేది దెబ్బలనే. గోడను గుద్దినవాడి చెయ్యి, యంత్రంలో నలిగినవాడి చెయ్యి, తాగి కొట్టుకున్న స్నేహితులిద్దరి చేతులు ఒకదాని వెనక ఒకటి. మనుషులు ఒకరినొకరు ఇంతలా విరుచుకుంటారని తెలిశాక, ఎవరైనా చెయ్యి కలపబోతే ఆమెకు వెగటు పుట్టేది.

ఆమెకో మొండి అలవాటు ఉంది. డాక్టరు రాసి పంపిన చీటీ గానీ, పేషెంటు పేరు గానీ ముందు చూడదు. ముందే కథ వింటే కళ్లు ఆ కథనే వెతుక్కుంటాయంటుంది. బొమ్మలు చూశాకే పేరు.

ఆ మధ్యాహ్నం తెర మీదికొచ్చిన చెయ్యి చూసి ఆమెకు ఒళ్లు మండింది. చిటికెనవేలి వైపు, ముంజేతి ఎముకలు రెంటినీ కలిపి ఉంచే మెత్తటి పొర చిరిగి, చుట్టూ నీరు చేరి తెల్లగా కనిపిస్తోంది. అది కొత్త దెబ్బ. దాని పక్కనే ఎప్పుడో విరిగి, సరిగా అతుక్కోని ఎముక మొన. అది పాతది. పైన ముంజేతికి అటూ ఇటూ, వేళ్లు దిగినట్టు వాపు. జారి చెయ్యి ఆనించి పడితే సాధారణంగా దెబ్బ తగిలే బొటనవేలి వైపు మాత్రం ఏమీ కాలేదు.

"ఎవడో పట్టుకుని మెలిపెట్టాడు. మొదటిసారి కూడా కాదు," అని పళ్లు నూరి, అప్పుడు చీటీ చూసింది. మెట్ల మీద జారిపడింది అని రాసి ఉంది. పైన పేరు వదినది. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల బట్టలు తప్ప వేసుకోని వదిన.

అన్నయ్య తలుపు తట్టకుండానే లోపలికి వచ్చాడు. చెల్లెలుందిగా, తనే సర్దేస్తుందనే ధీమాతోనే పెళ్లాన్ని ఇక్కడికి తెచ్చాడు మరి. వెనక గుమ్మంలో వదిన, చెయ్యి గుండెలకు ఆనించుకుని నిలబడింది.

"మెట్ల మీద పడింది. అదే రాసెయ్, వెళ్లిపోతాం," అన్నాడు.

"ఒక్కసారి పడితే రెండు వయసుల గాయాలు రావన్నయ్యా."

"నా ఇంటి సంగతి నీకెందుకే?"

"బొమ్మలో ఉన్నది రాస్తాను. ఎవరు చేశారన్నది బొమ్మ చెప్పదు. వదిన చెప్పాలి."

"నేనే పడ్డానమ్మా," అంది వదిన, నేలకేసి చూస్తూ.

ఆ ఒక్క మాట మీద నిలబడితే వదిన ఈ సాయంత్రం అతని వెంటే ఇంటికి పోతుంది. ఈసారి మెలిపెట్టేది మెడ కావచ్చు. చిన్నప్పుడు డాక్టరమ్మను ఏడిపించిన పిల్లలను ఈ అన్నయ్యే రక్తాలు కారేలా కొట్టేవాడు. ఆ చెయ్యి తన పక్షాన ఉందని అప్పట్లో ఆమె తెగ మురిసిపోయేది.

"ఏ చేత్తో రాస్తావో నేనూ చూస్తాను," అన్నాడు. ఆ చెయ్యే ఇప్పుడు ఆమె కుడిచేతిని ఒడిసిపట్టింది.

చెల్లెలు ఏం పని చేస్తుందో ఇన్నేళ్లలో ఆ మహానుభావుడు ఒక్కసారైనా అడిగి ఉంటే, ఆమె చేత్తో రాయదని తెలిసేది. బల్ల కింద మీటను కాలితో నొక్కి మైకులో చెబుతుంది. పక్కగదిలో టైపిస్టు విని టైపు చేస్తుంది. ఆమె మీట నొక్కింది.

"కుడి మణికట్టు. పేషెంటు నేనే," అంది, రోజూ చెప్పే గొంతుతోనే. "మా అన్నయ్య నా ముంజేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. మెలిపెడుతున్నాడు. చిటికెనవేలి వైపు లాగుతోంది. వదినకు చిరిగింది కూడా ఇక్కడే."

"ఎవరితోనే వాగుతున్నావ్?" అని ఇంకా తిప్పాడు. లోపల ఏదో పటుక్కుమంది. ఆమె గొంతు కీచుమంది గానీ ఆగలేదు.

"చిరిగింది. ఇప్పుడే."

అతను ఆమె తల పట్టుకుని బల్లకేసి కొట్టాడు. పెదవి పగిలి రక్తం తెర మీద చిందింది. రెండోసారి కొట్టేలోపు టైపిస్టు అరుచుకుంటూ వచ్చింది, వెనకే స్ట్రెచరు తోసే ఇద్దరు వచ్చి అతని మీద పడ్డారు. అతను తన్నాడు, ఒకడి మోచెయ్యి కొరికాడు. చివరికి వాళ్లు అతని వీపు మీద మోకాలు వేసి నేలకు అదిమారు. "ఇంటికి రా నీ పని చెప్తా," అని అక్కడినుంచే వదినను బెదిరించాడు.

ఇన్నేళ్లూ తన మీద జరిగినదాన్ని పక్కన నిలబడి చూడటం వదినకు అదే మొదటిసారి. మొగుడి కాళ్లు దాటుకుని వచ్చి, ఆడపడుచు మూతి కొంగుతో తుడిచి, మైకు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎక్కడ నొక్కాలో చూపించమ్మా. పాత దెబ్బ నుంచి మొదలుపెడతాను," అంది.