గేటు తీసిన పేజీ

మొన్న మా సండే స్కూలుకి ఎవరో పెట్టెడు బొమ్మల పుస్తకాలు పంపారు. సర్దుతుంటే ఒకటి చేతికి తగిలింది. అందులో ఒక నల్లజాతి పిల్లని పరుగుపందేల మైదానంలోకి రానివ్వరు, గేటు దగ్గరే ఆపేస్తారు. అది లోపలివాళ్ళతో పాటే బయట మట్టిరోడ్డు మీద పరిగెత్తీ పరిగెత్తీ అందరికంటే ముందొస్తుంది. ఆఖరి పేజీలో గేటు తీస్తారు. అక్కడే బల్లమీద కూలబడ్డాను. అచ్చం ఇలాంటిదే రియాద్‌లో మా అమ్మాయి స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చుకుంది.

అక్కడ మలాజ్ పేటలో ఉండేవాళ్ళం, లిఫ్టు ఏనాడూ పనిచెయ్యని బిల్డింగు, కింద రొట్టెల బట్టీ వాసన. ఉద్యోగాలు ముందు సౌదీవాళ్ళకే అన్న నితాఖత్ రూలు దెబ్బకి మావారి కంపెనీలో జీతాలు కోసేశారు. దానికితోడు కుటుంబాల మీద తలకింత అని లెవీ మొదలైంది. ఇక నేనూ అమ్మాయీ వీసా రద్దు చేసుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద కాకినాడ వచ్చెయ్యాలి, ఆయన అక్కడే ఉండాలి. మేం గుసగుసలాడుకున్నదంతా అది వినేసింది. మూడో క్లాసు బుర్ర కదా, ఆ పుస్తకంలోలా స్కూలు పందెంలో ఫస్టొస్తే మమ్మల్ని పంపరని తేల్చేసుకుంది. వరండాలో ఈ చివర్నించి ఆ చివరికి ఒకటే పరుగు. కింది పాకిస్తానీ ఆయన "అరే బేటీ, ఛత్ గిర్ జాయేగీ" అని, కప్పు కూలిపోతుందని మొత్తుకునేవాడు. నాకు మాత్రం ఏం తోస్తుంది? పొద్దున్నే ఇంకో గుడ్డు పెట్టేదాన్ని.

ఫస్టొచ్చింది! ఈద్‌కి పిల్లల్ని తీసుకుని కఫీల్ ఇంటికెళ్ళి సలాం చెప్పడం మావారి ఆఫీసులో ఆనవాయితీ. మా వీసాలన్నీ ఆ పెద్దాయన పేరు మీదే. అది మెళ్ళో పతకం వేసుకుని వాళ్ళ నాన్నతో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లోకి వెళ్ళింది, నేను లోపల ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. తరవాత మావారే చెప్పారు. పెద్దాయన "మాషా అల్లా" అని దోసెడు చాక్లెట్లు పోశాట్ట. ఇది వచ్చీరాని అరబ్బీలో, "ఇంక మమ్మల్ని పంపరు కదా?" అందిట. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నా చేతుల్లో లేదు తల్లీ" అన్నాట్ట.

కారెక్కాక అడిగింది. "అమ్మా, మరి పుస్తకంలో గేటు తీసిందెవరు? వాళ్ళనడుగుదాం."

మావారు రోడ్డు వంకే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగాను.

ఎగ్జిట్ పడింది, వచ్చేశాం. అమ్మాయిప్పుడు ఇంటర్. ఆయన సెలవుకొచ్చినప్పుడల్లా, పోయినసారి వదిలివెళ్ళిన పిల్ల కోసం వెతుక్కుంటున్నట్టు దానివంక చూస్తారు. గేట్లు ఏనాటికో తీస్తారు. పిల్లలు అందాకా ఆగరు, పెరిగిపోతారు.