మైకు ఎత్తు

ఈ మధ్యాహ్నం నాన్నని శాన్ రామన్‌లో ఒక కచేరీకి తీసుకెళ్లాను. బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతంలో తలపండిన, బాంజో వాయించే ఒక పెద్దాయన, ఆల్ట్ కంట్రీ అనే కొత్తతరం జానపద బాణీలో పేరున్న యాభై దాటిన గాయకుడు కలిసి చేసిన కచేరీ. బ్లూగ్రాస్‌ పాతపద్ధతిలో ఇద్దరికీ కలిపి ఒకటే మైకు. పెద్దాయన నడుము వంగిపోయి బాగా పొట్టిగా ఉన్నారు, రెండో ఆయన తాడిచెట్టంత పొడుగు. మైకు పెద్దాయన ఎత్తుకే పెట్టారు.

నాన్న రిటైరైన ఎముకల డాక్టర్. పాటల గురించి ఒక్క మాటా అనలేదు. సగం అయ్యాక మాత్రం నా చెవిలో, "ఆ పొడుగాయన్ని చూడు, ఇందాకట్నుంచీ మోకాళ్లు వంచే పాడుతున్నాడు. రేపు లేవలేడు" అన్నారు.

అంతా అయ్యాక, సీడీలు అమ్మే టేబుల్ దగ్గర నాన్న ఆ పొడుగాయన్ని పట్టుకుని, "నేను ఆర్థోపెడిక్ డాక్టర్ని. మోకాళ్లకి ఐస్ పెట్టుకోండి" అని ఇంగ్లిష్‌లో చెప్పేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వి, గొంతు తగ్గించి, "పెద్దాయనకి మాత్రం చెప్పకండి డాక్టర్. తెలిస్తే మైకు పైకి లేపించి, మునివేళ్ల మీద నిలబడి పాడతారు" అన్నారు.

కారు దూరంగా పార్క్ చేశాను. నాన్న పక్కనే నడుస్తుంటే, కాసేపటికి ఆయన, "నువ్వేం నా కోసం మెల్లగా నడవక్కర్లేదురా" అన్నారు.

ఇన్నాళ్లూ ఆయనకి తెలియదనుకున్నాను.

"బూట్లు కరుస్తున్నాయి నాన్నా."

"అయితే ఐస్ పెట్టుకో" అన్నారు, నవ్వకుండా.

ఈ సాయంత్రం నాన్న అన్న ఆ మాటకి ఎంత రుణపడ్డానో చెప్పలేను. మీ ఇళ్లల్లో ఇలాంటి అబద్ధాలు ఏం నడుస్తున్నాయో రాయండి. ఐస్ మా ఇంట్లో బోలెడుంది.