లాంచీలో వూఫర్‌కు చోటు

1974 ఫిబ్రవరిలో నేను అబిడ్స్‌లో ఒక సౌండ్ పరికరాల కంపెనీలో ఇన్‌స్టలేషన్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. మా వృత్తిలో అది మూడో మెట్టు. మొదట తీగలు లాగే వైర్‌మన్, తర్వాత విప్పి బాగుచేసే మెకానిక్, ఆ పైన సూపర్‌వైజర్. ఏ స్పీకరు ఎక్కడ బిగించాలో నిర్ణయించి జాబ్ షీటు మీద సంతకం పెట్టే అధికారం సూపర్‌వైజర్‌దే. అప్పటికి సినిమా హాళ్లు, కల్యాణ మండపాలు, రెండు మూడు కాలేజీ ఆడిటోరియాలు చేసి ఉన్నాను. నీటి మీద తేలేదానిలో స్పీకర్లు బిగించే పని నాకు రావడం అదే మొదలు, అదే ఆఖరు.

లాంచీ యజమాని బాలకిషన్ సేఠ్. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఆయనకు రెండంతస్తుల లాడ్జి ఉండేది. హుస్సేన్‌సాగర్‌లో షికార్లు తిప్పడానికి లైసెన్సు సంపాదించి, గోదావరి మీద ప్రయాణికులను చేరవేసిన ఒక పాత చెక్క లాంచీని కొని, లారీ మీద తెప్పించాడు. దానితో పాటు దాని సరంగు కూడా వచ్చాడు, ఎద్దును అమ్మితే వెంట పాలేరు వచ్చినట్టు. లాంచీ నడిపేవాణ్ణి గోదావరి మీద సరంగు అంటారు. ఈయన పేరు వీర్రాజు. యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా ఉండేవాడు. చెప్పులు వేసుకోగా నేను ఎన్నడూ చూడలేదు.

సేఠ్ నన్ను లాడ్జికి పిలిపించి, చాయ్ తాగించి, తనకేం కావాలో చెప్పాడు. "శంకర్, పాట చెవులకు వినవడుడు ఒక్కటే గాదు. కూసున్న బల్ల కెల్లి రావాలె. బొంబాయిల ఒక హోటల్ల గట్లనే విన్న నేను. పెయ్యంత జల్లుమన్నది."

ఆయన కోరింది మా భాషలో చెప్పాలంటే వూఫర్. మద్దెల, డోలు వంటి మంద్రమైన ధ్వనులను మాత్రమే పలికే పెద్ద స్పీకరు అది. గొంతు, వేణువు వంటి సన్నని ధ్వనులు ఎటు నుంచి వస్తున్నాయో చెవి ఇట్టే పట్టేస్తుంది. కాబట్టి ఆ స్పీకర్లను వినేవాళ్లకు ఎదురుగా పెట్టక తప్పదు. మంద్ర ధ్వని అలా కాదు. అది ఎక్కడి నుంచి పుట్టిందో చెవికి తెలియదు, గది అంతా నిండిపోతుంది. అందుచేత వూఫర్‌ను ఎక్కడైనా దాచవచ్చని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి చోటు విషయంలో ఎక్కువ పేచీ పెట్టేది అదే. దానికి ఆనుకునే గోడ కావాలి, మూల కావాలి. లాంచీకి గోడలు లేవు. ఉన్నదల్లా చెక్కతో చేసిన డొల్ల. అది కూడా ఒక పెద్ద వాద్యమే, సరిగ్గా తట్టాలి.

నాలుగు చోట్లు చూశాను. ముందు భాగంలో డెక్కు కింద ఉన్న అర, ప్రయాణికుల బల్లల కింద, పైకప్పు లోపల, వెనక ఇంజను గదికి ఆనుకొని తాళ్లు పెట్టుకునే అర. పైకప్పులో పెడితే బరువు పైకి చేరి లాంచీ ఊగుతుంది. బల్లల కింద పెడితే అడుగున చేరే నీటికి స్పీకరు లోపలి కాగితపు శంకువు నానిపోతుంది. మిగిలింది ముందు అర, వెనక అర. వూఫర్‌ను ప్లైవుడ్ పెట్టెలో బిగించి రెండు చోట్లా మార్చి మార్చి మోగించాను. బల్లల మీద గుప్పెడు జొన్నలు పోసి, ఎక్కడ గింజలు ఎక్కువగా ఎగురుతున్నాయో చూసి సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాను. ముందు అరలో పెట్టినప్పుడు గింజలు కదిలాయి, అంతే. వెనక అరలో పెట్టినప్పుడు చివరి బల్ల దాకా నాట్యం చేశాయి. లాంచీ అడుగు పొడవునా పోయే వెన్నుదూలం ఆ అర పలకలకు నేరుగా ఆనుకొని ఉంది. బ్యాటరీ కూడా అక్కడే ఉంది కనుక తీగ పొడవు తగ్గుతుంది. నిర్ణయం నాకు తేలిగ్గానే కుదిరింది.

ఈ పని పది రోజులు సాగింది. మధ్యాహ్నం నేనూ వీర్రాజూ లాంచీలోనే తినేవాళ్లం. నేను మా కాచిగూడ ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చేవాణ్ణి. ఆయన లాడ్జి వంటగది నుంచి అన్నం కట్టుకొచ్చేవాడు, అందులో పులుపు చాలలేదని రోజూ అనేవాడు. సాయంత్రాలు నాంపల్లి స్టేషన్లో ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కొని, కోస్తా వైపు నుంచి వచ్చే బండి దగ్గర నిలబడతానని ఒకరోజు చెప్పాడు. ఎవరైనా వస్తున్నారా అని అడిగాను.

"ఎవరొత్తారండి నాకోసం? దిగేవోళ్ల మాట ఇందారని ఎల్తానండి. మా యాస చెవిన పడి ఎన్నాళ్లయిందో. సామాన్లు మొయ్యమని కసిరినా బాగానే ఉంటాదండి."

ఇంకోరోజు, చెరువు నడుమ ఇంజను ఆపి కూర్చున్నప్పుడు, నీళ్ల వైపు చూస్తూ అన్నాడు. "మా పాపికొండల కాడ ఇంజను సప్పుడు అటు కొండకీ ఇటు కొండకీ తగిలి మళ్లీ మన కాడికే వత్తాదండి. మన ఎనకాల ఇంకో లాంచీ వత్తందేమో అనిపిత్తాది. ఇక్కడ ఎల్లిన సప్పుడు ఎల్లినట్టేనండి. తిరిగి రాదు."

ధ్వని శాస్త్రం నేను పరీక్షకు చదివి పాసైనవాణ్ణి. ప్రతిధ్వని గురించి అంతకంటె సరైన మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడైనా సెలవు పెట్టి రండి, కొండల మధ్యకు తీసుకెళ్లి వినిపిస్తానన్నాడు. తప్పకుండా వస్తానన్నాను.

వెనక అరలో పెట్టె బిగించడానికి బర్మాతో రంధ్రాలు వేస్తుండగా ఆయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇక్కడొద్దండి, శంకరం గారూ."

ఎందుకని అడిగాను.

"నేను నిలబడే పలక ఇదేనండి. ఇంజను బాగుందో లేదో నాకు కాలు చెప్తాది. పొగగొట్టంలోంచి నీళ్లు పడే సప్పుడు చెవి చెప్తాది. ఈ డబ్బా ఇక్కడ మోగితే రెండూ పోతాయండి."

ఆ లాంచీ ఇంజను చల్లబడేది బయటి నీటితోనే. అడుగున ఒక జల్లెడ గుండా నీరు పీల్చుకొని, ఇంజను చుట్టూ తిప్పి, పొగగొట్టం ద్వారా బయటకు వదిలేది. వేడి చూపించే మీటరు ఒకటుంది గానీ పనిచేయదు. కొత్త మీటరు పెట్టిస్తానని నేను చెప్పాను. ముల్లు కదిలేసరికే ఆలస్యమైపోతుందని ఆయన అన్నాడు. నేను నవ్వి, మోటారు కార్లన్నీ ముల్లు చూసుకొనే నడుస్తున్నాయని చెప్పి బర్మా తిప్పడం సాగించాను. ఏటి మీద బెంగతో ఉన్న మనిషి, కొత్తది ఏది వచ్చినా వద్దంటాడు అనుకున్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

మా జాబ్ షీటులో చివర ఒక గడి ఉండేది. పరికరం అమర్చిన చోట పనిచేసే మనిషికి ఏమైనా అభ్యంతరం ఉందా అన్నది దాని అర్థం. సాధారణంగా ఎవరూ పట్టించుకోని గడి. ఆ సాయంత్రం నేను అందులో 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. అభ్యంతరం ఉందని రాస్తే మా యజమాని మళ్లీ పరిశీలనకు మరొకరిని పంపుతాడు. ఆ నెలలోనే నన్ను పై మెట్టయిన సర్వీస్ ఇన్‌చార్జిని చేసే మాట నడుస్తోంది.

మార్చి మొదటి ఆదివారం సాయంత్రం సేఠ్ తన బంధువులనూ స్నేహితులనూ ఎక్కించుకొని మొదటి షికారు తీశాడు. నేనూ యాంప్లిఫయర్ దగ్గర కూర్చున్నాను. సేఠ్ కోరినట్టే మద్దెల దెబ్బ బల్లల్లోంచి వచ్చింది. ఆడవాళ్లు మొదట ఉలిక్కిపడి, తర్వాత నవ్వుకున్నారు. సేఠ్ నా వైపు చూసి చెయ్యెత్తి 'శభాష్' అన్నాడు. నాకు చాలా గర్వం కలిగింది. ఆ గర్వంలో వెనక్కి తిరిగి వీర్రాజు వైపు చూశాను. ఆయన ఒక కాలు ఎత్తి మరో పలక మీద పెట్టి, మళ్లీ తీసి, ఇంకోచోట పెట్టి చూస్తున్నాడు. నిలబడ్డ చోట ఏదో పోగొట్టుకొని వెతుక్కునేవాడిలా ఉన్నాడు. ఒక్క నిమిషం వాల్యూం తగ్గించి ఉండవలసింది. తగ్గించలేదు.

చెరువు నడుమకు చేరిన కాసేపటికి గుర్రపుడెక్క తీగలు జల్లెడకు చుట్టుకున్నాయి. నీరు లోపలికి రావడం ఆగింది. పొగగొట్టంలోంచి నీళ్ల చప్పుడుకు బదులు ఉత్త పొగ దగ్గు వచ్చి ఉంటుంది. అది ఎవరికీ వినబడలేదు. కాలిన నూనె వాసన నాకు తగిలేసరికే ఆయన ఇంజను మూత ఎత్తుతున్నాడు. లోపల రబ్బరు గొట్టం ఊడి, మరిగే నీరు ఆయన కుడిచేతి మీద పడింది. ఆ చేత్తోనే ఇంజను ఆపే కడ్డీ లాగాడు. లాంచీ ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. పాట మాత్రం మోగుతూనే ఉంది. నేను లేచి స్విచ్చి కట్టేశాను.

గాలి మమ్మల్ని రాళ్ల ఒడ్డు వైపు తోసింది. పిల్లలు ఏడ్చారు. ఆయన కాలిన చేతికి తువ్వాలు చుట్టుకొని, ఎడమచేత్తో వెదురుగడ పట్టి, మరో పడవ వచ్చి తాడు వేసేదాకా లాంచీని రాళ్లకు తగలకుండా ఆపాడు. ప్రయాణికుల్లో ఎవరికీ గీత పడలేదు. ఆయన్ను దవాఖానకు తీసుకెళ్లి కట్టు కట్టించింది నేనే. దారిలో ఆయన ఇంజను గురించి తప్ప చేతి గురించి మాట్లాడలేదు.

మర్నాడు లాడ్జిలో పంచాయితీ జరిగింది. ఇంజను లోపల పట్టేసిందని మెకానిక్ తేల్చాడు. సేఠ్ చెడ్డవాడు కాడు, కానీ ముందురోజు పిల్లల ఏడుపు ఆయన చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"నడిపేటోనికి ఎరుక గావద్దా? పాట ఇనుకుంట మైమరిసినవా, ఏంది?"

"నాకు ఇనపడలేదండి," అన్నాడు వీర్రాజు.

అంతే అన్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. చోటు గురించి ముందే చెప్పానని అంటాడని ఎదురుచూశాను. అనలేదు. చెప్పవలసింది నేనే. నేను తలవంచి కాగితాలు సర్దుకున్నాను. సేఠ్ ఆయన్ను పనిలోంచి తీసేశాడు. సాయంత్రం మా యజమాని నన్ను పిలిచి, మన సెట్టులో లోపం లేదని రిపోర్టు రాసి ఇమ్మన్నాడు. సెట్టులో నిజంగానే లోపం లేదు.

ఆ రిపోర్టు జేబులో పెట్టుకొని రెండు రోజులు తిరిగాను. మంగళవారం అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచి, లాడ్జి మెట్ల దగ్గరి నుంచి వెనక్కి వచ్చాను. బుధవారం గన్‌ఫౌండ్రీలో వేరే పని కల్పించుకున్నాను. గురువారం పొద్దున్నే వెళ్లి సేఠ్ ముందు నిలబడి మొత్తం చెప్పాను. సరంగు వద్దన్నాడని, నేను వినలేదని, కాగితంలో అబద్ధం రాశానని.

"గీ ముచ్చట మొన్న చెప్తే ఏమైతుండె? ఆయన నా ముందట నిలవడ్డప్పుడు నువ్వు గీడనే ఉంటివి గదా?" అన్నాడు సేఠ్. తర్వాత గుమాస్తాను కేకేసి, సరంగును పిలుచుకు రమ్మన్నాడు. గుమాస్తా అక్కడే నిలబడి చెప్పాడు. "ఆయన పొద్దుగాల్నే పొయిండు సేఠ్. బండెక్కిచ్చి వచ్చిన నేను."

సేఠ్ ఆయన ఊరికి కార్డు రాయించాడు, మళ్లీ పనిలోకి రమ్మని. నేను వేరుగా ఒక ఉత్తరం రాసి, జరిగింది ఒప్పుకొని, క్షమించమని అడిగాను. ఎవరితోనో రాయించిన జవాబు ఒక్కటే వచ్చింది, ఇద్దరికీ కలిపి. చెయ్యి మానుతోందని, పిలిచినందుకు సంతోషమని, ఇక ఏటిని వదిలి రానని అందులో ఉంది. నా క్షమాపణ గురించి ఏమీ లేదు.

ఇంజను బాగయ్యాక నేను వూఫర్‌ను వెనక అర నుంచి తీసి, ముందు అరలో కొబ్బరిపీచు మెత్తల మీద కూర్చోబెట్టాను. ధ్వని బాగా తగ్గింది. సేఠ్ ఆ మాట ఎత్తలేదు. కొత్త డ్రైవరు బూట్లతో నిలబడేవాడు, ఏ పలక ఏం చెబుతుందో అతనికి పట్టలేదు. సర్వీస్ ఇన్‌చార్జి పదవి ఆ నెల నాకు రాలేదు. రెండేళ్ల తర్వాత వచ్చింది.

1977లో ఒక సినిమా హాలు పని మీద రాజమండ్రి వెళ్లాను. పని ముగిసిన రోజు పొద్దున్న లాంచీల రేవుకు వెళ్లి ఆయన గురించి వాకబు చేశాను. అక్కడ టికెట్లు ఇచ్చే మనిషి చెప్పాడు. "వీర్రాజు గారాండి? సరంగు పనే చేత్తన్నారండి. నిన్ననే పైకెళ్లారు. ఎల్లుండి పొద్దుటేలకి వత్తారండి, ఉంటారా?"

నా రైలు ఆ సాయంత్రానికి ఉంది. తిరిగివెళ్లి డ్యూటీలో చేరాలి. బండి వేళ దాకా రేవు మెట్ల మీద కూర్చున్నాను. లాంచీలు వస్తూ పోతూ ఉన్నాయి. ఒక్కో ఇంజను ఒక్కోలా పలికేది. ఏది బాగుందో, ఏది నలతగా ఉందో పోల్చడానికి ప్రయత్నించాను. నాకు తెలియలేదు. పక్కన ఆయన కూర్చొని ఉంటే చెప్పేవాడు. నా పేరు, అబిడ్స్ చిరునామా ఒక కాగితం మీద రాసి టికెట్ల మనిషికిచ్చి స్టేషనుకు బయలుదేరాను. ఆ తర్వాత ఉద్యోగం మీద అటు వెళ్లే పని పడలేదు. పని లేకుండా కూడా వెళ్లవచ్చని అప్పట్లో తోచలేదు. కొండల మధ్య ఇంజను చప్పుడు తిరిగి రావడం ఈనాటికీ నేను వినలేదు.

రిటైరయ్యేదాకా చాలా చోట్ల స్పీకర్లు బిగించాను. మిల్లుల్లో, బస్టాండ్లలో, ఒక ప్రెస్సులో కూడా. ప్రతి చోటా మొదటి రోజు పరికరాలు విప్పనిచ్చేవాణ్ణి కాదు. అక్కడ పనిచేసే మనిషి ఏ చప్పుడును బట్టి తన పని చేసుకుంటున్నాడో ముందు అడిగి తెలుసుకునేవాణ్ణి. ఆ చప్పుడును మింగేసే చోట ఎంత మంచి స్పీకరు పెట్టినా తప్పే. అతను వద్దంటే, కారణం నాకు అర్థం కాకపోయినా, అతని మాటను అతని మాటల్లోనే రాయించేవాణ్ణి. నా కింద పనిచేసిన సూపర్‌వైజర్లకు కూడా ఇదే నేర్పాను. దీనివల్ల ప్రతి పనికీ ఒక రోజు ఎక్కువ పట్టేది.