చేతిలో సెన్సరు, తెర మీద అంకె

ఇదంతా కల్పించి చెబుతున్నానని అనిపిస్తే మా రూతు వదినను అడగండి. ఆమెకు అబద్ధాలాడే తీరిక లేదు. నేను గోరంతను కొండంత చేస్తానని మీ అందరికీ తెలుసు... ఈ ఒక్క విషయంలో మాత్రం ఏమీ కలపలేదు.

మొయినాబాద్‌లో మా అన్నకు గ్యారేజీ ఉంది. సొట్టలు తీయడం, రంగు వేయడం మా అన్న పని. ఇంజను వదినది. కొత్తగా వచ్చినవాళ్లు అన్న దగ్గరే బండి రోగం చెప్పుకుంటారు. ఆయన అంతా విని, నవ్వి, వదిన వైపు వేలు చూపిస్తాడు. అప్పటికే ఆమె బానెట్ ఎత్తేసి ఉంటుంది. ఆమె పనిచేస్తుంటే నిలబడి చూడటం నాకు మహా ఇష్టం.

ఆ రాత్రి సురంగల్‌లో మా ఇంట్లో అన్నాలు తింటుండగా బాపుకు, అంటే మా నాన్నకు, దమ్ము ఎక్కువై ఊపిరి ఆడలేదు. పీల్చే మందు ఎంత కొట్టినా లొంగలేదు. అన్న ఊళ్లో లేడు. వదినే కారు తీసింది. నేను వెనక బాపును పట్టుకుని కూర్చున్నాను. పట్నంలో పెద్ద దవాఖానకు బయలుదేరాం.

అజీజ్‌నగర్ దగ్గర... కారు ఒక్కసారి గుంజింది. మళ్లీ గుంజింది. ఎంత తొక్కినా వేగం లేదు. ఏదో ఫాంహౌసు ప్రహరీ పక్కన ఆగిపోయింది. చుట్టూ చీకటి. కప్పల అరుపులు. బాపు ఛాతీలో పిల్లికూతలు.

రోడ్డు మీద చేయి ఊపితే ఒక్క బండీ ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది. వదిన మాత్రం సంచిలోంచి బండి లోపం చూపించే స్కానర్ తీసి, స్టీరింగ్ కింద వైరు పెట్టి, తెర చూసింది.

"ఇంజన్ తిరుగుతున్నదా లేదా, ఎంత స్పీడుల తిరుగుతున్నదని కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ సెడింది. వేడెక్కితే పాణం ఇడుస్తది, సల్లవడితే మల్ల లేస్తది. ఫికర్ జేయకు దావీదూ. ముంగట కూసొని అంకెలు సదువు."

చున్నీని నీళ్లతో తడిపి ఆ సెన్సరు మీద కప్పింది. కాసేపాగి తాళం తిప్పాను. ఇంజను అందుకోలేదు. "విప్పి తుడుస్త" అంది. తాళం ఆన్‌లోనే ఉంచమంది. కొంచెం సేపటికి సెన్సరు ఊడదీసి, బానెట్ పక్క నుంచి నాకు చూపించింది. బొటనవేలంత నల్లటి ముక్క... ఆమె అరచేతిలో.

"ఇప్పుడెంత సూపిస్తున్నది?"

సున్నా అని చెప్పబోయాను. తెర మీద సున్నా లేదు.

ఇంజను ఆగి ఉంది. సెన్సరు ఆమె చేతిలో ఉంది. తెర మీద ఇంజను వేగం... ఎనిమిది వందలు. మెల్లగా పెరిగింది. ఆగింది. మెల్లగా తగ్గింది. మళ్లీ పెరిగింది...

అప్పుడు వినిపించింది. వెనక సీట్లో బాపు ఊపిరి. ఆయన గాలి పీలిస్తే అంకె పెరుగుతోంది. వదిలితే తగ్గుతోంది.

"వదినా..." అన్నాను. ఆమె వచ్చి తెర చూసింది. వెనక్కి చూసింది. మళ్లీ తెర చూసింది. కప్పల అరుపులు ఎందుకో ఆగిపోయాయి.

అంకె తగ్గుతూ వచ్చింది... ఇంకా తగ్గింది... సున్నా.

బాపు నిద్రపోయాడనుకున్నాను, నిజంగా. వదిన అనుకోలేదు.

"సున్న అయిందిరా! మామను సూడు!"

నేను కదిలేలోపే ఆమె వెనక తలుపు తీసింది. బాపును లేపి, ముందుకు వంచి, వీపు మీద చరిచింది. "మామా! పీల్చు... ఇంకోసారి పీల్చు!" బాపు పెద్దగా గాలి లాగాడు. నా ఒళ్లో స్కానర్ మీద అంకె లేచింది. దేవుడా, ఎంత ఏడ్చానో.

ఆ చేతులతోనే వెళ్లి సెన్సరు బిగించింది. చల్లబడిందేమో, ఈసారి ఇంజను అందుకుంది. దవాఖాన చేరాం. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు.

బాపు కోలుకున్నాక వదిన కారు మళ్లీ విప్పింది. ఏ రిపేరునూ సగంలో వదిలే మనిషి కాదు. పాత సెన్సరు వేడిచేసి చూస్తే నిజంగానే చెడింది. అది సరే. ఊడదీస్తే మాత్రం తెర మీద సున్నా. వైర్లు కదిపింది... సున్నా. ఇంకో స్కానర్ పెట్టింది... సున్నా. చివరికి బాపును వెనక సీట్లో కూర్చోబెట్టింది. ఆయన హాయిగా ఊపిరి తీస్తున్నాడు. సున్నాయే.

బాపుకు సరదా పుట్టింది. "జరసేపు ఊపిరి బిగవట్టి సూద్దునా బిడ్డా? అసలు సంగతేందో తెలుస్తది."

వదిన ఠక్కున వైరు పీకేసింది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

"వద్దు మామా. నాకు తెల్వకున్నా మంచిదే."